వెనక్కి తిప్పిన పతకాలు

అయ్యా, అమ్మా, ఎజ్రా గారితో కలిసి రైళ్ళలో పనిచేసిన మిత్రులారా, సంఘ పెద్దలారా, ముందు వరసలో కూర్చున్న ఎజ్రా గారి భార్య, నాకు అక్కలాంటి సుందరమ్మ గారూ, అందరికీ నమస్కారం. రేపల్లె నుంచి, బాపట్ల నుంచి, వేమూరు పక్క పల్లెల నుంచి పనులు మానుకుని ఈ ఎండలో తెనాలి దాకా వచ్చారు. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. ఎజ్రా గారు ఉంటే ఈ జనాన్ని చూసి, "ఏ బండి రద్దయిందండీ, అందరూ ఇక్కడే దిగిపోయారు" అని అడిగేవారు. అడగడానికి ఆయన లేరు. పోయిన మంగళవారం పొద్దున గుండె ఆగిపోయింది. బుధవారం సాయంత్రం మట్టి చేసి వచ్చాం.

నా పేరు రంగనాయకులు. పుట్టింది చీరాల, బతుకుతున్నది తెనాలిలో, బట్టల కొట్టు మీద. నాకు పాత నాణేలు పోగేసే పిచ్చి ఉంది. ఎజ్రా గారిది పతకాల పిచ్చి. అందులోనూ ఆయనకి జర్మనీ, ఆస్ట్రియా సైనిక పతకాలే కావాలి. వందేళ్ళ కిందటి పెద్ద యుద్ధానివి, దానికి ముందువి. తెనాలి రేపల్లె పాసింజరులో జెండా ఊపే గార్డుకి ఆస్ట్రియా చక్రవర్తి పతకాలతో ఏం పనండీ? ఈ ప్రశ్న ఆయన్ని అడగని వాళ్ళు ఈ హాల్లో ఎవరూ ఉండరు. నేనూ అడిగాను. "రాయలవారి నాణెం మీ కొట్లో చెల్లుతుందా రంగనాయకులు గారూ, చెల్లితే చెప్పండి, నేను రెండు లుంగీలు తీసుకుంటాను" అన్నారు. ఆ రోజు నుంచి స్నేహితులమయ్యాం.

నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు ఆయన క్రమశిక్షణ గురించి చెప్పారు, భక్తి గురించి చెప్పారు. అన్నీ నిజాలే. కానీ అసలు సంగతి పక్కన పెట్టి చుట్టూ తిరుగుతున్నాం. నాకు అలా తిరగడం చేతకాదు. ఎజ్రా గారి ఒక్కగానొక్క కొడుకు హర్ష ఆరేళ్ళ కిందట సైన్యంలో చనిపోయాడు. ఆ తర్వాత ఆయన్ని ఒకే ఒక ప్రశ్న కొరుక్కు తిన్నది. నా పతకాలు చూసే నా కొడుకు సైన్యంలోకి వెళ్ళాడా? నా ఇంటి గోడే వాడిని పంపించిందా? కాలవ గట్టు మీద నడుస్తూ నన్ను అడిగేవారు. కాదు అనేవాడిని. పాస్టరు గారూ కాదన్నారు. మా జవాబులు ఆయనకి అక్కర్లేదు. ఒక్క సుందరమ్మ గారు కాదనాలి. ఆవిడ ఆ మాట అనలేదు. ఆ మాట వినకుండానే ఆయన వెళ్ళిపోయారు.

అసలు ఈ పతకాలు ఆ ఇంటికి ఎలా వచ్చాయో మీలో చాలామందికి తెలియదు. ఎజ్రా గారి తాత ఒక జర్మను పాదిరి గారి బంగళాలో వంటవాడు. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఇంగ్లీషు దొరల ప్రభుత్వం శత్రుదేశం వాడని ఆ పాదిరిని పట్టుకుపోయింది. వెనక మిగిలిన సామానులో ఈ వంటాయనకి ఒక ఇనుప సిలువ దొరికింది. నల్లటి ఇనుము, చుట్టూ వెండి అంచు, కింద 1870 అని అంకె. సిలువ కనబడితే మన లూథరన్ కుటుంబం ఏం చేస్తుంది? తీసుకొచ్చి గోడకి తగిలించింది. 1870 అంటే మన తాతలు బాప్తిస్మం పొందిన సంవత్సరమనీ, అందుకే దొర ఆ అంకె వేయించి మనకి వదిలి వెళ్ళాడనీ ఇంటిల్లిపాదీ నమ్మారు. మూడు తరాలు దాని కింద మోకరించారు. ఎజ్రా గారికి పేరు పెట్టింది కూడా దాని కిందే.

ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో బాపట్లలో ఒక లైబ్రరీలో ఏదో పుస్తకం తిరగేస్తుంటే అదే సిలువ కనబడింది. ఒక సిపాయి రొమ్ము మీద. అది చర్చి సిలువ కాదండీ. యుద్ధంలో తెగువ చూపినందుకు జర్మను రాజు ఇచ్చిన పతకం. ఆ 1870 ఫ్రాన్సు మీద వాళ్ళు చేసిన యుద్ధం సంవత్సరం. పాదిరి గారి తండ్రిదో, తాతదో అయ్యుంటుంది. ఇన్నాళ్ళూ మనం మొక్కింది మనుషుల్ని చంపినందుకు ఇచ్చిన ఇనుముకా అని ఆయనకి తల తిరిగిపోయింది. ఇంటికొచ్చి గోడ మీద నుంచి తీసేయబోయారు. వాళ్ళమ్మ గారు, చదువు లేని మనిషి, కూలికి వెళ్ళొచ్చిన మనిషి, చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ అన్న మాట ఎజ్రా గారు నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. "అది ఎవడో ఒకడి రొమ్ము మీద ఉండొచ్చింది కదరా. ఇన్నాళ్ళూ ఆ బిడ్డ కోసం ప్రార్థన చేశాననుకుంటాను. ఉండనీ."

అదండీ మొదలు. ఆయన పతకాలు పోగేసింది యుద్ధం మీద మోజుతో కాదు. మద్రాసు పాత బజార్లలో వెతికారు, పుదుచ్చేరి వెళ్ళారు, తర్వాత ఇంటర్నెట్టు వచ్చాక వియన్నా నుంచి పార్సిళ్ళు తెప్పించారు. పార్సిలు విప్పగానే ముందు ఏం చేసేవారో తెలుసా? కళ్ళజోడు తీసి, భూతద్దం పెట్టి, పతకం వెనక చూసేవారు. ముందు వైపు రాజు బొమ్మ ఉంటుంది, కిరీటం ఉంటుంది. వెనక వైపు ఎవడైనా సిపాయి మేకుతోనో, కత్తి మొనతోనో తన పేరు గీసుకుని ఉంటాడేమో అని. అన్నిటికీ ఉండదు. ఒకసారి ఒక ఆస్ట్రియా కంచు పతకం వెనక రెండు అక్షరాలు దొరికితే, ఆయన నాకు టిఫిను పెట్టించారు. ఆ రెండక్షరాల కుర్రాడికి తల్లి ఉండే ఉంటుంది కదండీ అన్నారు.

ఆ ఇంట్లో హర్ష పెరిగాడు. మీ అందరికీ తెలిసిన పిల్లాడే. పొడుగ్గా, నల్లగా, ఎప్పుడూ పళ్ళు బయటపెట్టి నవ్వుతూ. డిగ్రీ అయిపోగానే సైన్యంలోకి వెళ్తానన్నాడు. ఎజ్రా గారు వద్దనలేదు. వీరుల పతకాలు గోడ నిండా పెట్టుకున్న తండ్రి ఏ మొహంతో వద్దంటాడు? వెళ్ళాడు. ఉద్యోగం వచ్చిందని ఊళ్ళో స్వీట్లు పంచాం. మూడో చలికాలంలో, కొండల్లో, మంచు రోడ్డు మీద వాళ్ళ వ్యాను లోయలో పడింది. యుద్ధం లేదు, శత్రువు లేడు, తుపాకి పేలలేదు. బండి జారింది, అంతే. శౌర్య పతకం ఇవ్వడానికి అక్కడ శౌర్యం చూపించే అవకాశమే రాలేదు ఆ బిడ్డకి. పెట్టె వచ్చింది, పెట్టె మీద జెండా వచ్చింది. ఆ జెండాని మడిచి తల్లి చేతుల్లో పెట్టారు.

ఆ తర్వాత ఊరు ఊరుకుంటుందా? నోటికి తాళం వేసేది ఎవరు? సొంత కొడుకుని గోడ మీది ఇనుముకి బలిచ్చాడన్నారు. చచ్చినవాళ్ళ సొమ్ము ఇంట్లో పెట్టుకుంటే ఇంతే అన్నారు. అన్నవాళ్ళలో కొందరు ఇవాళ దండ తెచ్చారు. తెచ్చినందుకు సంతోషం. కానీ ఆ మాటలు ఆయన చెవిన పడ్డాయని మీకు తెలియాలి కాబట్టి చెబుతున్నాను. ఆయన ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఇంటికి వెళ్ళి, గోడ మీది పతకాలన్నీ దించి, అద్దాల పెట్టెలో పెట్టారు. పెట్టి ఒక్కొక్కటే వెనక్కి తిప్పారు. రాజుల మొహాలన్నీ కిందికి, ఖాళీ వీపులన్నీ పైకి. అప్పటి నుంచి ఎవరు చూడటానికి వచ్చినా వాళ్ళకి కనబడింది ఆ వీపులే. ఇదేంటండీ ఇలా పెట్టారు అని నేను అడిగితే, "ముందు వైపు చూసేవాడు మోసపోతాడండీ" అన్నారు. సుందరమ్మ గారు మాత్రం ఆ ముందు గదిలోకి అడుగు పెట్టడం మానేశారు. వంటింటి గుమ్మం నుంచి పెరటి దారిన తిరిగి వీధిలోకి వచ్చేవారు.

ఇంకొక సంగతి చెప్పి తీరాలి. రెండేళ్ళ కిందట రేపల్లెలో ఒక స్కూలు వాళ్ళు పిలిచారు. ఏ స్కూలో చెప్పను. పిల్లలకి చరిత్ర చూపించండి ఎజ్రా గారూ అని అడిగారు. ఎన్నడూ బయటికి తీయని మనిషి, పిల్లలనేసరికి కరిగాడు. ఒక ట్రంకు పెట్టెలో దూది పరిచి, పతకాలు సర్దుకుని, పాసింజరులో బయల్దేరాడు. పక్కన నేను. స్కూలు గేటు దగ్గరికి వెళ్ళాం. గేటుకి ఇంత పొడుగు ఫ్లెక్సీ. జర్మనీ అనగానే ఆ ఫ్లెక్సీ షాపు కుర్రాడికి తెలిసింది ఒక్క మీసం మొహమే. ఆ హిట్లరు బొమ్మ వేసి, పక్కన ఎజ్రా గారి ఫొటో వేసి, వీరుల పతకాల ప్రదర్శన అని పెద్దక్షరాలతో రాశారు. పక్కన స్వస్తిక్ గుర్తు కూడా పెట్టారు, శుభానికే అనుకున్నారో ఏంటో, దాని కింద పసుపు కుంకుమ రంగులు. లక్షల మందిని చంపినవాడి గుర్తుకి బొట్టు పెట్టారండీ. తెలిసి చేశారా? లేదు. ద్వేషంతో చేశారా? లేదు. మంచి మనసుతో చేశారు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

ఎజ్రా గారి పెట్టెలో ఆ మనిషి ముఠా గుర్తు ఉన్న పతకం ఒక్కటి కూడా లేదు. ఎవరైనా ఇవ్వబోయినా ముట్టుకునేవారు కాదు. ఆయన గేటు దగ్గర నిలబడి ఆ బొమ్మని చూశారు. లోపలి నుంచి హెడ్మాస్టరు గారు పరుగెత్తుకొచ్చి దండ వేయబోయారు. ఎజ్రా గారు చేయెత్తి ఆపి, నెమ్మదిగా అన్నారు. "ఈ ఇనుము చూసి మీ పిల్లలు భయపడాలండీ. మీరు దండలు వేయిస్తున్నారు. నా పిల్లాడు కూడా ఇలాగే సంబరంగా చూశాడు." అంతే. పెట్టె తెరవలేదు. మళ్ళీ స్టేషనుకి నడిచాం. బండి వచ్చేదాకా బెంచీ మీద ట్రంకు పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు ఆయన ఒక్కసారిగా ముసలివాడైపోయారు.

జమలయ్య గారు వచ్చారా? అదిగో, వెనక ఉన్నారు. జమలయ్య గారు చీరాల నేతగాడు, నా చిన్ననాటి స్నేహితుడు. పాత పతకాలకి రిబ్బన్లు చివికిపోతే ఎజ్రా గారు ఈయన దగ్గరికే వెళ్ళేవారు. చీర అంచు నేసే చేత్తో ఆస్ట్రియా ఎరుపు తెలుపు పట్టీ బెత్తెడు నేయించుకునేవారు. ఇంతోటి గుడ్డపేలికకి పడుగు తోడటానికే నా తల ప్రాణం తోకకి వస్తోంది అని జమలయ్య గారు తిట్టేవారు, తిడుతూనే నేసేవారు. ఆయన నేసిన చివరి పట్టీ సంగతి చెబుతాను. పోయిన సంవత్సరం ఎజ్రా గారికి జర్మనీ నుంచి ఒక పాత పతకం వచ్చింది. అది కూడా సిలువే. నల్ల రంగు పూసిన ఇనుము. దాన్ని సిపాయికి ఇవ్వరండీ. సిపాయి చచ్చిపోయాక, ఏళ్ళు గడిచాక, ఇంట్లో మిగిలినవాళ్ళకి ఇచ్చారు. కొడుకు పోయిన తల్లిదండ్రులకి, మొగుడు పోయిన ఆడమనిషికి. వాళ్ళ కోసమే చేయించిన పతకం. దానికి జమలయ్య గారు నలుపు, తెలుపు, మధ్యలో ఎరుపు చారలతో పట్టీ నేశారు. ఈసారి తిట్టలేదు. ఎవరి కోసమో ఆయనకి అర్థమైంది.

ఎజ్రా గారు ఆ సిలువని ఆ పట్టీకి కట్టి, తీసుకెళ్ళి వంటింట్లో సుందరమ్మ గారి ముందు పెట్టారు. మాటల్లో చెప్పలేనిది చెప్పాలని చేసిన పని. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. ఆవిడ చేతిలోకి తీసుకోలేదు. "వాళ్ళ దేశంలో బిడ్డల్ని తీసుకుని ఇనుప ముక్క ఇచ్చారు. మన దేశంలో జెండా ఇచ్చారు. నాకేమీ వద్దండి" అన్నారు. ఆయన దాన్ని జేబులో వేసుకుని బయటికి వచ్చారు. నాతో కాలవ దాకా నడిచారు, తిరిగి వచ్చారు.

ఇప్పుడు మొన్నటి సంగతి. మొన్న సాయంత్రం సుందరమ్మ గారు కబురు చేస్తే వెళ్ళాను. ముందు గదిలో కూర్చుని ఉన్నారు. ఆరేళ్ళ తర్వాత ఆ గదిలో. అద్దాల పెట్టె తెరిచి ఉంది. ఒకే ఒక్క పతకాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఒక చిన్న ఆస్ట్రియా కంచు పతకం. దాన్ని నేను చాలాసార్లు చూశాను. పతకాలు పోగేసేవాడు దేన్నీ తోమడు, మాసిన రంగే దాని వయసు. ఆ పెట్టెలో అన్నీ మాసిన రంగువే, అది ఒక్కటి మాత్రం తళతళలాడుతూ ఉంటుంది. ఎందుకో ఎజ్రా గారు నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ చెప్పారు. సభలో చెప్పమని కూడా ఆవిడే అన్నారు.

అప్పుడు హర్షకి ఏడో ఏడు. క్రిస్మస్‌కి ఇంట్లో ఇత్తడి సామానంతా చింతపండు పెట్టి తోముతున్నారు. ఎజ్రా గారు డ్యూటీలో ఉన్నారు. పిల్లాడు ఆ పతకం పట్టుకొచ్చి, అమ్మా, ఇది కూడా తోము అన్నాడు. పండగ కదా అని ఆవిడ తోమారు. బంగారంలా మెరిసింది. పిన్నీసు పెట్టి వాడి చొక్కాకి తగిలించారు. వాడు వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి కవాతు చేస్తుంటే ఆవిడ చప్పట్లు కొట్టారు. ఎజ్రా గారు వచ్చి చూసి, పోగేసేవాడి ప్రాణం విలవిలలాడి ఉంటుంది, అయినా తల్లీకొడుకుల సంబరం చూసి ఏమీ అనలేదు. హర్ష పోయాక కూడా అనలేదు. "ఆయన వల్ల కాదనమంటారు మీరందరూ" అన్నారు సుందరమ్మ గారు. "కాదని ఎలా చెప్పను తమ్ముడూ? నా బిడ్డని ఇవే పిలిచాయి. మాసిపోయి పడున్నదానికి మెరుపు పెట్టింది నేను. తప్పు ఆయనది కాదని అంటే నాది అవుతుంది. ఆరేళ్ళు నోరు మూసుకున్నాను. ఆయనకి తెలుసు. తెలిసీ నా పేరు ఎత్తకుండా మొత్తం తన నెత్తిన వేసుకుని వెళ్ళిపోయాడు."

అక్కయ్యా, అది పసిపిల్లాడి ఆట అన్నాను. ఆవిడ విన్నారో లేదో తెలియదు. నా మాటకి బలం లేదని నాకే అనిపించింది. మన దగ్గర ఇలాంటివాటికి జవాబులు ఉన్నాయని నటించకూడదు. ఇద్దరు మంచి మనుషులు ఒకే ఇంట్లో ఆరేళ్ళు ఒకే బరువు చెరో వైపు నుంచి మోశారు, కలిసి దించుకోలేకపోయారు. ఒకరు పోయారు. ఇప్పుడు ఆ బరువంతా ఈవిడది.

ఇక్కడున్న యువకులకి ఒక మాట. ఎజ్రా గారి పతకాలతో, హర్ష పేరు మీద ఒక హాలు కట్టి ప్రదర్శన పెడతామని మీరు ఇంటికి వెళ్ళి అడిగారు. మీ ఉద్దేశం మంచిదే. మళ్ళీ వెళ్ళకండి. తాను బతికుండగా వాటిలో ఒక్కటి కూడా ఇంకొకళ్ళ పిల్లాడి కంట పడకూడదని సుందరమ్మ గారు అన్నారు. ఆ పెట్టెకి తాళం వేసి తాళంచెవి నాకు ఇచ్చారు. ఆవిడ తర్వాత ఏం చేయాలో అప్పుడు చూద్దాం. ఈలోగా ఎవరొచ్చి అడిగినా నా దగ్గర తిట్లు తప్ప ఏమీ దొరకవు.

చివరికి వచ్చాను. సభ చివర లేచి నిలబడటం, జోహార్లు చెప్పడం మన అలవాటు. ఇవాళ జోహార్లు వద్దు. ఎందుకో చెబుతాను, ఇదీ ఆవిడ చెప్పమన్నదే. సమాధుల తోటలో పెట్టె గోతిలోకి దించాక ముందుగా కన్నవాళ్ళో కట్టుకున్నవాళ్ళో పిడికెడు మట్టి వేస్తారు. ఆ తర్వాతే మిగతావాళ్ళు. హర్షని దించిన రోజు తోట నిండా జనం. మైకులు, నినాదాలు, జిందాబాదులు. మన వాళ్ళే, మన ఊళ్ళ వాళ్ళే, గొంతులు చించుకున్నారు. ఆ గోలలో ఆవిడ వంగి మట్టి వేశారు. పెట్టె మీద పడిన చప్పుడు ఆవిడకి వినపడలేదు. "నేనేసిన మట్టి వాడిని చేరిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు తమ్ముడూ" అన్నారు. బుధవారం ఎజ్రా గారి మీద వేసినప్పుడు ఆ చప్పుడు విన్నారట. ఈయన్ని చేరింది అన్నారు.

కాబట్టి అందరూ లేవండి. ఫోన్లు కట్టేయండి. వరండాలో ఉన్నవాళ్ళు కూడా మాటలు ఆపండి. ఎజ్రా గారి కోసం, ఆరేళ్ళ కిందట మనం ఆ నిశ్శబ్దం బాకీపడ్డ హర్ష కోసం, రెండు నిమిషాలు. అక్కయ్యా, మీరు లేవక్కర్లేదు, కూర్చోండి. ఎవ్వరూ మాట్లాడరు.